పెదవుల మీద నడిచిన తరగతి

ఆ బడిలో ఆమెకు పిల్లలు పెట్టిన పేరు తిన్నగా టీచరు. అసలు పేరు జీతాల పట్టీలో ఉంటే ఉండొచ్చు గానీ, గేటు దాటి లోపలికి వచ్చిన ఎవరికీ దానితో పని పడలేదు. సైన్సు చెప్పేది. ఏ పిల్లవాడు లేచి నోరు విప్పబోయినా ముందుగా ఆమె అనే మాట ఒకటే: "తిన్నగా నా వైపు చూసి చెప్పు." నేలచూపులు చూస్తూ చెబితే ఒప్పుకోదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే ఒప్పుకోదు. పెన్సిలు కొరుకుతూ చెప్పినవాడి పెన్సిలు ఆ పూటకు ఆమె బల్ల మీదికి చేరేది. బెంచీలు కూడా అందరి గదుల్లోలా వరసగా వేయనిచ్చేది కాదు. గుర్రపు నాడా ఆకారంలో వేయించి మధ్యలో తను నిలబడేది. పిల్లవాడు జవాబు చెప్పగానే దాన్ని తన నోటితో ఒకసారి తిరిగి చెప్పి, ఇదేనా నువ్వన్నది అని అడిగి, వాడు తలాడించాకే ముందుకు కదిలేది.

ఇదంతా చూసి జిల్లా విద్యాశాఖ మురిసిపోయింది. ఒకసారి పరిశీలకుడు వచ్చి, తరగతి వెనక కూర్చుని, ఇది చాలా గొప్ప బోధనా పద్ధతి అని రాసుకుపోయాడు. ఆ తర్వాత జిల్లాలోని టీచర్లందరినీ పిలిపించి మరీ నేర్పారు: పిల్లల జవాబును తిరిగి చెప్పండి, ముఖంలోకి చూసి మాట్లాడించండి, బెంచీలు నాడాలా వేయండి. ఆ బెంచీలు ఈడ్చి ఈడ్చి ఎంతమంది పాపం నడుములు పట్టేసుకున్నారో. ఇంతకీ అసలు సంగతి ఏమిటంటే, తిన్నగా టీచరుకు చెవులు వినబడవు.

పుట్టు చెవుడు కాదు. మొదట కిటికీ బయటి పిట్టలు పోయాయి, తర్వాత ఫోను గంట, ఆ తర్వాత ఒక్కొక్క బెంచీ నుంచి ఒక్కొక్క గొంతు వెళ్ళిపోయింది. పెదవులు చదవడం ఎవరూ నేర్పలేదు, ఆకలేసినవాడికి వంట వచ్చినట్టు దానంతట అదే వచ్చింది. ప, బ, మ మూడూ పెదవుల మీద ఒకేలా ఉంటాయి కాబట్టి ప్రతి మాటా తిరిగి చెప్పి ఖాయం చేసుకునేది. దూరపు ఊరు వెళ్ళి చెవి మిషను కూడా కొనుక్కుంది. అది బెంచీలు జరిపిన చప్పుడునీ కుర్చీ కిర్రునీ పెద్దది చేసింది తప్ప ఒక్క మాటనూ విడమరిచి చెప్పలేదు. డబ్బా మూతపెట్టి బీరువా అడుగున పడేసింది.

ఎందుకు దాచిందంటే, ఆమె కళ్ళముందే ఒక కథ నడిచింది. అదే బడిలో బొమ్మల మాస్టారుకు చూపు మందగించింది. ఆయన నిజాయితీగా వెళ్ళి చెప్పుకున్నాడు. శాఖవాళ్ళు ఎంతో మర్యాదగా వైద్యుల బోర్డు ముందు నిలబెట్టి, ఎంతో మర్యాదగా తరగతి తీసేసి, సామాన్ల గదిలో కూర్చోబెట్టారు. విరిగిన కుర్చీల మధ్య, పిల్లల ముఖం కనబడని గదిలో ఆయన రిటైరయ్యేదాకా కూర్చున్నాడు. ఆ గది తలుపు ముందుకు వచ్చేసరికి తిన్నగా టీచరు అడుగులు వడివడిగా పడేవి. స్టాఫ్ రూములో ఎవరో ఒకరు రోజూ, ఈ మొద్దులకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అనేవాళ్ళు. అందరితో పాటు ఆమె కూడా నవ్వేది, తేలు కుట్టిన దొంగలా. పాఠం చెప్పడం తప్ప ఆమెకు ఇంకో బతుకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదంటే చూడండి. ఆయన లారీ డ్రైవరు. ఇంజను హోరుకు అలవాటైన గొంతు. ఇంట్లో కూడా రెండు లారీల అవతల ఉన్నవాడిని పిలిచినట్టే మాట్లాడతాడు. ఆ గొంతులో కొసరు ఆమెకు ఇంకా అందేది. దాంతో ఆయనకు అనుమానం రాలేదు. మాట తేడా వచ్చినప్పుడు, మా ఆవిడ ధ్యాసంతా పాఠాల మీదే అని నవ్వి ఊరుకునేవాడు.

నవ్వి ఊరుకోనిది అత్తగారు. ఆవిడ నేత మిల్లులో, మరమగ్గాల షెడ్డులో వయసంతా ధారపోసి వచ్చిన మనిషి. మాట పడదు, మాట మింగదు. కోడలు వంటింట్లో అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి పిలిస్తే పలకదని ఆవిడకు కాపురానికొచ్చిన కొత్తలోనే కోపం పుట్టింది. చదువుకున్న పొగరు అని తేల్చేసింది. ఒకసారి తేల్చాక ఆవిడ మళ్ళీ విచారణ పెట్టే మనిషి కాదు. పిలవడం మానేసింది. ఏళ్ళ తరబడి అత్తాకోడళ్ళ మధ్య మాటలన్నీ కొడుకు మీదుగానే నడిచాయి. ఉప్పు డబ్బా కావాలన్నా, "ఒరేయ్, మీ ఆవిడనడుగు" అనేది. పక్కనే ఉన్న కోడలు డబ్బా అందించేది.

అలాంటి ఇంట్లో జబ్బు రోజులొచ్చి పడ్డాయి. ఊరు ఊరంతా తలుపులు వేసుకుంది. డ్రైవరు సరుకుతో వెళ్ళి సరిహద్దు దగ్గర లారీల బారులో చిక్కుకుపోయాడు. ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో మాట మోసే మనిషి లేడు. బడి మూసేశారు. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు, అందాకా పాఠాలన్నీ తెరల మీదే అని శాఖ హుకుం జారీ చేసింది. హెడ్‌మిస్ట్రెస్ ఒక లాప్‌టాప్ ఇంటికి పంపించింది.

మొదటి రోజు దాని ముందు కూర్చున్న తిన్నగా టీచరుకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆమెకు కావలసినవి పెదవులు. తెర మీద ఉన్నవి నల్లటి గళ్ళు, గళ్ళలో పేర్లు. డేటా అయిపోతుందని పిల్లలు కెమెరాలు ఆపేశారు. పెట్టిన ఒకరిద్దరిలో ఒకడి నుదురు కనబడుతుంది, ఒకడి ఇంటి ఫ్యాను కనబడుతుంది. ఒకమ్మాయి కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖమంతా మసి. తెర మీద కదిలే బొమ్మ అన్నిటికంటే పెద్ద ద్రోహి: నోరు తెరిచిన చోట ఆగిపోయి, మూసిన చోట మళ్ళీ మొదలయ్యేది. ఆ గంటంతా ఆమె ఊపిరి తీసుకోకుండా తనే మాట్లాడింది, ఎవరికీ ప్రశ్న అడిగే సందు ఇవ్వకుండా. అయిపోయాక చూసుకుంటే వీపంతా తడిసిపోయింది.

తర్వాత ఒక ఎత్తు వేసింది. ప్రశ్నలు, జవాబులు అన్నీ టైపు చేయమంది. కొన్నాళ్ళు గడిచింది. కానీ చిన్న తరగతి పిల్లలు, ఒక్కో వాక్యానికి ఒక్కో యుగం పట్టేది. అక్కలూ అన్నలూ టైపు చేసి పెడుతున్నారని తల్లిదండ్రుల్లోనే కొందరు ఫిర్యాదు చేశారు. శాఖ నుంచి కొత్త మాట వచ్చింది: ప్రతి తరగతిలో పిల్లలు నోటితోనే జవాబు చెప్పాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే.

సంగతి బయటపడింది ఆ వారంలోనే. బయటపడింది శాఖకు కాదు, అత్తగారికి. ఆవిడవి పాము చెవులు. మిల్లులో తోటివాళ్ళంతా నవ్వుతున్నా పట్టించుకోకుండా చెవుల్లో దూది కుక్కుకుని పని చేసి, అవి కాపాడుకుని తెచ్చుకుంది. ముందు గదిలో కూర్చుని రోజూ కోడలి తరగతి వింటోంది. వినకూడదనే అనుకుంది గానీ, గోడలు అంత మందం కాదు. ఒక పిల్లవాడు, టీచర్ నాకు కనబడటం లేదు, టీచర్ నాకు కనబడటం లేదు అని అరిచి అరిచి అలిసిపోయాడు. కోడలు పాఠం చెప్పుకుంటూ పోయింది. ఇంకో రోజు కుక్కరు పక్కనే నిలబడి ఉంది, అది కూతలు పెట్టి పెట్టి చివరికి మాడు వాసన వచ్చాకే ఉలిక్కిపడింది. ముసలావిడకు ఎక్కడో చురుక్కుమంది.

ఒక మధ్యాహ్నం కోడలు గిన్నెలు తోముతుంటే ఆవిడ వెళ్ళి సరిగ్గా వెనక నిలబడింది. మామూలు గొంతుతో, "నీ మొగుడొచ్చాడు. గుమ్మంలో ఉన్నాడు" అంది.

ఎన్ని రోజులుగా ఆ మనిషి కబురు కోసం ఫోను చేతిలో పట్టుకు తిరుగుతోందో ఆవిడ చూస్తూనే ఉంది. కోడలి చెయ్యి ఆగలేదు, తల తిరగలేదు. గిన్నె కడిగి బోర్లించి ఇంకోటి అందుకుంది. అత్తగారికి అప్పుడు అర్థమైంది. ఎన్నేళ్ళ కోపం అది, ఎవరి మీద పెట్టుకుందో ఏమిటో అంతా తలకిందులైపోయింది.

ఆవిడ చుట్టూ తిరిగి సింకు పక్కకు, కోడలి ముఖానికి ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు లేకుండా, పెదవులు మాత్రమే కదిపింది. ఒక్కో అక్షరానికీ నోరు పూర్తిగా తెరిచి, పూర్తిగా మూసి, ఎంతో విడివిడిగా.

"ఎప్పటి నుంచి?"

తిన్నగా టీచరు చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఇంత స్పష్టమైన పెదవులు ఆమె ఎవరి ముఖం మీదా చూడలేదు. అబద్ధం చెప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. చాలా కాలం నుంచి అత్తయ్యా, అంది. అని గిన్నె కింద పెట్టి ఏడ్చేసింది. అత్తగారు ఓదార్చలేదు, ఆవిడకు అది చేతకాదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని తిట్టడం మొదలుపెట్టింది, ముందు కోడల్ని, తర్వాత తనను. "మా షెడ్డులో సగంమంది చెవులు మగ్గాలకే ఇచ్చేసి ఇంటికి పోయినవాళ్ళే. మైలు దూరం నుంచి గుర్తుపట్టేదాన్ని. నా ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం పొగరనుకున్నాను. నాకంటే గుడ్డిది ఎవరుంటారే."

అప్పుడు తెలిసింది ఆ పెదవుల సంగతి. మరమగ్గాల హోరులో గొంతు చించుకున్నా పక్కమనిషికి వినబడదు. అందుకని షెడ్డులో ఆడవాళ్ళు గొంతు దండగ చేసుకోకుండా పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. ఈ వరస నుంచి ఆ వరసకు పెళ్ళి సంబంధాలు, చాడీలు, మేస్త్రీ మీద బూతులు అన్నీ మగ్గాల మీదుగా నిశ్శబ్దంగా నడిచిపోయేవి. మిల్లు మూతపడ్డాక ఆ భాష మాట్లాడేందుకు ఆవిడకు మనిషి లేకపోయింది. అలాంటి మనిషి ఇన్నాళ్ళూ ఎదురుగదిలోనే ఉందని తెలియదు.

మర్నాటి నుంచి భోజనాల బల్లకు ఇటు లాప్‌టాప్ ముందు కోడలు, అటు లాప్‌టాప్ వెనక అత్తగారు. తెరలో ఉన్నవాళ్ళకు కోడలు ఒక్కతే కనబడుతుంది. పిల్లలు మాట్లాడిందల్లా అత్తగారు పెదవులతో చెబుతుంది, ఆమె తెర అంచు మీదుగా చూసి జవాబిస్తుంది. కత్తి మీద సామే. కానీ నడిచింది. నడవడమేమిటి, పరిగెత్తింది. ఎందుకంటే అత్తగారు పిల్లల మాటలతో ఆగే రకం కాదు. వీడికి వెనక నుంచి అక్క చెప్తోంది, ఆ పిల్ల నోట్లో ఏదో నములుతోంది, ఇంకొకడి ఇంట్లో మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నారు అని అన్నీ అందించేది. తిన్నగా టీచరు చాలా శాంతంగా, అక్కని లోపలికి వెళ్ళమను అనేసరికి పిల్లవాడు హడలిపోయేవాడు. టీచరుకు పాము చెవులున్నాయని తరగతిలో పేరు పడింది. ఆ రాత్రి అత్తాకోడళ్ళు కన్నీళ్ళొచ్చేలా నవ్వుకున్నారు.

నవ్వు నాలుగు రోజులు నిలవలేదు. పాము చెవుల కీర్తి పరిశీలకుడి దాకా పాకింది. ఆయనే, బెంచీల పద్ధతి రాసుకుపోయినాయన. జిల్లాలో మిగతా తరగతులన్నీ సంతలా ఉన్నాయి, మీ ఒక్క తరగతిలోనే ఇంత పట్టు ఉంది, నేను వచ్చి కూర్చుంటాను, రికార్డు చేసి అన్ని బళ్ళకూ చూపిస్తాను అని కబురు పెట్టాడు. వద్దనడానికి కారణం దొరకలేదు. ఆ కబురు వచ్చినప్పటి నుంచి తిన్నగా టీచరుకు అన్నం సయించలేదు. ఒక్క పొరపాటు రికార్డులో పడితే చాలు, జిల్లా అంతా చూస్తుంది. సామాన్ల గది కళ్ళముందు మెదిలింది.

ఆ ఉదయం పరిశీలకుడు తెల్ల చొక్కా వేసుకుని తెర మూలలో ఒక గడిలో ప్రత్యక్షమయ్యాడు. పాఠం గింజలు మొలకెత్తడం గురించి. పిల్లలందరూ ఇళ్ళలో తడిగుడ్డలో గింజలు చుట్టి పెట్టారు. ఎవరి గింజలో ఏం కనబడిందో ఒక్కొక్కరే చెప్పాలి. అత్తగారు ఎన్నడూ లేనిది తల దువ్వుకుని వచ్చి కూర్చుంది. ఒకడి గింజకు తోక వచ్చింది, ఒకడిది కుళ్ళింది, ఒకడిది వాళ్ళ తమ్ముడు తినేశాడు. పెదవులు చకచకా నడుస్తున్నాయి. పరిశీలకుడు తలాడిస్తున్నాడు. ఆమె భుజాలు కొంచెం కిందికి దిగాయి.

తర్వాతి వంతు గుసగుసది. ఆ పిల్లను అందరూ అలాగే పిలుస్తారు. మాట గొంతులోంచి కాక ఊపిరిలోంచి వస్తుంది. తల్లితో ఒక్కతే ఉంటుంది, ఈ మధ్యే ఇల్లు మారారు. కెమెరా ఎప్పుడూ పెట్టదు. నల్లటి గడిలో పేరు మాత్రం వెలిగింది.

సరిగ్గా అప్పుడే అత్తగారికి పొడి దగ్గు తెర వచ్చింది. చప్పుడు లోపలికి పోకూడదని ఆవిడ గబుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. ముఖమంతా కొంగులో ఉంది. వెలుగుతున్న పేరు వెలుగుతూనే ఉంది, పిల్ల చెబుతూనే ఉంది. తిన్నగా టీచరు చూపు కొంగు మీదికీ తెర మీదికీ రెండుసార్లు తిరిగింది. పేరు ఆరిపోయింది. ఏదో ఒకటి అనాలి, పరిశీలకుడు చూస్తున్నాడు. గింజ గురించి కాక ఇంకేం చెప్పి ఉంటుంది? ఆమె నిండుగా నవ్వింది.

"చాలా బాగుంది. ఎంత చక్కగా చెప్పావు. సరే, తర్వాత ఎవరు?"

తెర మీద ఏదో తప్పింది. కెమెరా పెట్టిన నలుగురైదుగురు పిల్లల ముఖాలూ బిగుసుకుపోయాయి. ఒకమ్మాయి రెండు చేతులూ నోటికి పెట్టుకుంది. పరిశీలకుడు తల ఆడించడం మానేసి తెరకు దగ్గరగా వంగాడు. ఆమె తల ఎత్తి చూస్తే అత్తగారు కొంగు తీసేసి ఉంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెదవులు గబగబా కదిలాయి.

వాళ్ళమ్మ లేవడం లేదట. ఎంత పిలిచినా లేవడం లేదట. ఊపిరి గురగురలాడుతోందట. ఎవరికీ చెప్పొద్దని వాళ్ళమ్మ అందట, మీకు మాత్రం చెప్తున్నానంది.

ఆ రోజుల్లో అందరి దగ్గరా ఒక అబద్ధం సిద్ధంగా ఉండేది: నెట్టు సరిగా లేదు. ఆమె నోటి చివర దాకా వచ్చింది కూడా. నెట్టు సరిగా లేదమ్మా, మళ్ళీ చెప్పు అంటే సరిపోతుంది, పరిశీలకుడే నమ్ముతాడు. ఆమె గొంతు సవరించుకుని పిల్లను కెమెరా పెట్టమంది. గడి నల్లగానే ఉంది. మళ్ళీ అడిగింది. ఈలోపు మిగతా పిల్లలంతా మైకులు తీసేసి ఒకేసారి అరవడం మొదలుపెట్టారు, పరిశీలకుడు కూడా ఏదో అరుస్తున్నాడు. అత్తగారు లాప్‌టాప్‌కు చెవి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎలాగో ఒక మాట పట్టుకుంది. పట్టుకుని, చెప్పాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం కోడలి ముఖంలోకి చూసింది. చెప్పేసింది.

మీరు విన్నారు కదా టీచర్, విని కూడా చాలా బాగుందన్నారు, అంటోంది.

ఇక ఏ అబద్ధమూ ఆ నల్లటి గడిని తెరవలేదు. తిన్నగా టీచరుకు అది అర్థమైంది. ఇల్లు మారిన పిల్ల, బడి దగ్గర ఉన్నది పాత చిరునామా. ఆ పిల్ల నోటితో చెబితే తప్ప ఎవరూ ఆ గుమ్మానికి చేరలేరు. రికార్డు నడుస్తోందని తెలుసు. ఏం పోతుందో తెలుసు. కెమెరాలోకి తిన్నగా చూసింది.

"అమ్మా, నేను వినలేదు. నాకు చెవులు వినబడవు. చాలా ఏళ్ళ నుంచీ వినబడవు. నీ మాట వినకుండానే బాగుందన్నాను. ముఖం చూస్తే తప్ప నాకు ఏమీ తెలియదు. కిటికీ దగ్గరికి వచ్చి కెమెరా పెట్టు. నేను చూస్తాను."

అందరి నోళ్ళూ ఒక్కసారిగా మూతపడ్డాయి. నల్లటి గడి అలాగే ఉంది. ఆ తర్వాత గడిలో వెలుతురు వచ్చింది, ఒక పరదా వచ్చింది, ఏడ్చి ఏడ్చి ఉబ్బిన చిన్న ముఖం తెర నిండా వచ్చింది. పిల్ల ఒళ్ళంతా కదిలేలా ఎక్కిళ్ళు పెడుతోంది. అత్తగారు రెండు చేతులూ ఆడించింది, ఒక్క ముక్క తెలియడం లేదు, గాలి తప్ప గొంతే లేదు అని. కోడలు అటు చూడలేదు. ఆమెకు గొంతుతో పని లేదు. వీధి పేరు అడిగింది, పెదవుల మీంచి తీసుకుంది, మూడు రకాలుగా ఉండగల ఆ పేరును మూడు రకాలుగానూ తిరిగి చెప్పింది. మూడోదానికి పిల్ల తలాడించింది. ఎన్నో అంతస్తు, మెట్లు ఎటువైపు, అమ్మ ముఖం ఏ రంగులో ఉంది. ఒక్కొక్కటీ గట్టిగా పలుకుతుంటే పరిశీలకుడు ఫోను చెవికి పెట్టుకుని అంబులెన్సుకు అవే మాటలు అప్పగించాడు. అమ్మను పక్కకు తిప్పి పడుకోబెట్టమని, తలుపు తీసి పెట్టమని, ఫోను కింద పెట్టొద్దని చెప్పింది. పిల్ల ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా అన్నీ చేసింది. బండి వచ్చేదాకా ఆ గంట అలాగే గడిచింది, గింజల సంగతి ఎవరికీ గుర్తులేదు.

తల్లిని సమయానికే ఆసుపత్రికి చేర్చారని సాయంత్రానికి కబురు తెలిసింది. ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదన్నారట. పిల్లను పిన్ని వచ్చి తీసుకెళ్ళింది.

హెడ్‌మిస్ట్రెస్ ఫోను రెండు రోజుల తర్వాత వచ్చింది. అత్తగారు చెవి దగ్గర పెట్టుకుని, కోడలికి ఎదురుగా కూర్చుని, వచ్చిన మాట వచ్చినట్టు పెదవుల మీద పెట్టింది. పరిశీలకుడు ఉన్నది ఉన్నట్టు పైకి రాశాడు. బడి తెరిచేదాకా వేరే మనిషి లేరు కాబట్టి తెర మీద పాఠాలు ఆమే చెప్పొచ్చు. తెరిచాక బోర్డు ముందుకు వెళ్ళాలి. బోర్డు ఏమంటుందో అందరికీ తెలుసు, తరగతి గది మళ్ళీ ఇవ్వడం నా చేతుల్లో లేదు అంది హెడ్‌మిస్ట్రెస్. అక్కడితో ఆగలేదు. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లల ఎన్ని మాటలు ఇలాగే గాలికి వదిలేసి నవ్వి ఊరుకున్నారో మీకే తెలియాలి అంది. అత్తగారి ముఖం ముడుచుకుపోయింది. అయినా ఆ మాటను మింగలేదు, మెత్తబరచలేదు. పూర్తిగా చెప్పింది.

"నిజమే అన్నానని చెప్పండి అత్తయ్యా," అంది తిన్నగా టీచరు.

ఆ మాట అన్నాక వెళ్ళి ముఖం కడుక్కుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. భయం మాత్రం ఎక్కడా కనబడలేదు. ఇన్నేళ్ళు ఒంట్లో కాపురం ఉన్న మనిషి సామాను సర్దుకుపోయినట్టు ఇల్లంతా వెలితిగా ఉంది. ఆ వెలితి కూడా బాధగానే ఉంది.

తల్లి ఇంటికి చేరాక ఒక సాయంత్రం గుసగుస వీడియోలో పిలిచింది. ఎవరూ చెప్పకుండానే కిటికీ వైపు ముఖం పెట్టి, ఫోను దగ్గరగా పట్టుకుంది. తిన్నగా టీచరు ముందు తన తప్పు ఒప్పుకుంది, ఆ రోజు అలా అని ఉండకూడదంది. పిల్ల అదేమీ పట్టించుకోలేదు. దాని మనసులో వేరే ప్రశ్న ఉంది.

"అందరూ నన్ను గట్టిగా మాట్లాడు, గట్టిగా మాట్లాడు అంటారు టీచర్. మా అమ్మ కూడా. మీరొక్కరే ఎప్పుడూ అనలేదు. మీకొక్కరికే నా గొంతు వినబడుతుంది అనుకున్నాను. ఒక్కసారి కూడా వినలేదా?"

పెదవుల మీద ఆ మాటలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే తిరిగి చెప్పి ఖాయం చేసుకునే అవసరం లేకపోయింది. లేదమ్మా, ఒక్కసారి కూడా వినలేదు, నీ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు అంది తిన్నగా టీచరు. అంటున్నప్పుడే ఆ నష్టం ఎంతదో మొదటిసారి ఆమెకు తెలిసివచ్చింది. సామాన్ల గది భయంలో పడి ఇన్నాళ్ళూ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. బల్లకు అవతల కూర్చున్న మనిషి వైపు తిరిగింది.

"ఎలా ఉంటుంది అత్తయ్యా, దీని గొంతు?"

అత్తగారు చెప్పడానికి నోరు తెరిచింది. సన్నగా అనబోయి ఆగింది. ఏదో పోలిక వెతుక్కుని, అదీ కాదని తల అడ్డంగా ఆడించింది. మేస్త్రీ మీద బూతులతో సహా ఈ ప్రపంచంలో దేన్నయినా పెదవుల మీద పెట్టగల ఆవిడకు అది చేతకాలేదు. చివరికి కుర్చీ లాక్కుని ఇటువైపు వచ్చి, కోడలి భుజానికి భుజం ఆనించి తెర ముందు కూర్చుంది.

"ఇంకొంచెం మాట్లాడవే తల్లీ," అంది పిల్లతో. "మాట్లాడుతూ ఉండు. నేను సరిగ్గా విని మీ టీచరుకు చెప్పాలి."